కూడిక నిషేధం

మా సంస్థలో కూడికను నిషేధించి ఆరు నెలలైంది. ఆలోచన ప్రిన్సిపాల్ గారిదే గానీ, ఆ సర్క్యులర్‌లో భాష మాత్రం నాది. అందులో ఒక్క కామాను కూడా ఎవరూ కదపలేకపోయారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఫైళ్ళు రాస్తున్నవాణ్ణి, ఆ మాత్రం చెప్పుకునే హక్కు నాకుంది.

మాది గెడ్డవలసలోని ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థ. పిల్లలు ఇక్కడ లేతు పని, వెల్డింగు, ఎలక్ట్రానిక్సు, కుట్టుపని, పెయింటింగు లాంటివి నేర్చుకుంటారు. నేను ఆఫీసు సూపరింటెండెంటుని. అందరూ ఇంటిపేరుతో పట్నాయక్ గారంటారు. మా ప్రిన్సిపాల్ డాక్టర్ లలితేశ్వరరావు గారు మంచివారే. కాకపోతే ఏడాదికోసారి ఏదో ఒక శిక్షణా తరగతికి వెళ్ళొస్తారు. కాశీ నుంచి వచ్చినాయన కాసింత ప్రసాదం పెట్టి ఊరుకుంటాడు. శిక్షణా తరగతి నుంచి వచ్చినాయన ఊరుకోడు. పోయినేడు ఆయన వెళ్ళొచ్చి ఆఫీసులో కుర్చీలన్నీ తీయించి, నిలబడి పని చేయమన్నారు. నా మోకాళ్ళు ఆ ఏడాదిని ఇంకా మరిచిపోలేదు.

ఈ ఏడు వెళ్ళొచ్చిన మర్నాడే సిబ్బంది సమావేశం పెట్టారు.

"మిత్రులారా! శిల్పి ఏం చేస్తాడు?" అని అడిగారు.

"బొమ్మ చెక్కుతాడండి," అన్నాడు వెల్డింగు మాస్టారు గేదెల తవిటినాయుడు. అతనికి అడిగినదానికి జవాబు చెప్పడమనే చెడ్డ అలవాటుంది.

"తప్పు! శిల్పి బొమ్మను చేయడు. రాయిలో బొమ్మ కానిదాన్ని తీసేస్తాడు. లేతు మిషను ఏం చేస్తుంది? కడ్డీలో ఇరుసు కానిదాన్ని తీసేస్తుంది. సర్క్యూట్ పలక ఎలా తయారవుతుంది? రాగి రేకులో అక్కర్లేని రాగిని ఆసిడ్‌లో కరిగించి తీసేస్తారు. ఆఖరికి సంగీతం కూడా! ఎలక్ట్రానిక్ వాద్యంలో ముందు ఒక పెద్ద రొద పుట్టించి, అక్కర్లేని ధ్వనులు వడగడితే మిగిలేదే మీరు వినే పాట. కాబట్టి మిత్రులారా, ఈ విశ్వంలో నాణ్యమైనదంతా తీసివేత వల్లే పుడుతోంది. కలపడం అనాగరికం."

అందరం చప్పట్లు కొట్టాం. ఆ సాయంత్రమే సర్క్యులర్ వెళ్ళింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, నేటి నుండి ఈ ఆవరణలో సమస్త కార్యములు తీసివేత ప్రక్రియ ద్వారా మాత్రమే జరుగవలెను. కూడిక, చేర్పు, అతుకు, పోత మొదలగునవి అనుమతించబడవు. ఉల్లంఘించిన వారిపై తగు చర్య తీసుకొనబడును."

‘తగు చర్య’ అన్నది నా చేతి మహిమ. ఏ చర్యో చెప్పకపోతేనే మనిషికి భయం ఎక్కువ.

మర్నాటి నుంచి టర్నరు సెక్షను కామరాజు కాలరెగరేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. లేతు మిషనంటే తీసివేతకు పుట్టిల్లు కదా. కింద ఎంత ఇనప రజను రాలితే అంత ప్రగతి అని ప్రిన్సిపాల్ గారు తీర్మానించారు. దాంతో పిల్లలు ఇరుసులూ మరలూ చేయడం మానేశారు. కడ్డీని ఆ కొస నుంచి ఈ కొస దాకా రజను చేసి, బస్తాలకెత్తి చూపించి, నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నారు.

కుట్టుపని సెక్షనులో కత్తిరింపుకు అనుమతి, కుట్టుకు నిషేధం. జాకెట్టు ముక్కలు చక్కగా కత్తిరించి బల్లల మీద పేర్చేవారు. కొలత తప్పిందని ఎవరూ వంక పెట్టలేదు, తొడుక్కుంటే కదా తెలిసేది! ఎలక్ట్రానిక్సు వాళ్ళు తీగలు అతికే సోల్డరింగు కడ్డీలు బీరువాలో పెట్టి తాళం వేశాం. పెయింటింగు మాస్టారు ఉద్యోగం పోయినట్టేనని అనుకున్నాం గానీ ఆయన గట్టివాడు. రంగు గోడకు చేరుతున్నట్టు కనిపిస్తుందే తప్ప, నిజానికి అది తన మీద పడ్డ వెలుగులో కొంత మింగేసి మిగతాది వదులుతుందనీ, కాబట్టి రంగు వేయడమంటే వెలుగును తీసివేయడమేననీ ఏడు పేజీల వివరణ ఇచ్చుకున్నాడు. సైన్సు పుస్తకం చూస్తే నిజమేనట. వదిలేశాం.

క్యాంటీన్ మంగమ్మకు ఈ తెలివి లేదు. సాంబారులో ఏమీ కలపకూడదు, ముందే అన్నీ ఉన్న గుండిగలోంచి సాంబారు కానిది తీసేస్తూ పోవాలని ఆమెకు ఉత్తర్వు వెళ్ళింది. మధ్యాహ్నం గరిటె పట్టుకుని నా గదికొచ్చింది.

"తియ్యగా తియ్యగా నీల్లు మిగిల్నాయి బాబూ. ఇదేనా సాంబారు?"

"ప్రిన్సిపాల్ గారు రుచి చూసి చెబుతారమ్మా," అన్నాను. ఆయన చూశారు. స్వచ్ఛంగా ఉందన్నారు.

అందరికంటే పెద్ద దెబ్బ తవిటినాయుడికి తగిలింది. వెల్డింగంటే రెండు ఇనప ముక్కల్ని ఒకటి చేయడం. మా సర్క్యులర్ ప్రకారం అంతకంటే పచ్చి కూడిక ఇంకోటి లేదు. అతని షెడ్డుకు నేనే స్వయంగా సీలు వేశాను.

"ఏటండీ పట్నాయక్ గారూ ఇది? ముప్ఫైమంది పిల్లలున్నారు నాకాడ. ఆళ్ళకేటి నేర్పమంటారు?" అన్నాడు.

"గ్యాసుతో ఇనుము కోయడం నేర్పండి. కోయడం తీసివేతే. ఆ సెట్టు ఒక్కటీ మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాను. నేను మరీ రాతిగుండె మనిషిని కాదు.

మూడో వారంలో హాస్టలు ట్యాంకుకు చిల్లు పడింది.

హాస్టలు వెనక ఎత్తయిన స్టాండు మీద ఇనప ట్యాంకు ఉంటుంది. నూట అరవై మంది పిల్లలకు అదే ఆధారం. అడుగున, పక్క రేకులో శనగగింజంత చిల్లు. పొద్దున ఆరింటికి నింపితే ఎనిమిదికల్లా ఖాళీ. పిల్లలు బకెట్లు పట్టుకుని రోడ్డవతల చేతిపంపు దాకా వెళ్ళి, నీళ్ళు మోసుకొచ్చి, క్లాసులకు తడి బట్టలతో ఆలస్యంగా వచ్చేవారు.

తవిటినాయుడు ఆ రోజే దరఖాస్తు పెట్టాడు. రెండే వాక్యాలు. "చిన్న రేకు ముక్క పెట్టి అతుకుతాను. పది నిమిషాల పని." దరఖాస్తు రాయడం ఆ మనిషికి బొత్తిగా చేతకాదు. నేను దాని మీద ఒకటిన్నర పేజీ నోటు రాసి, అతుకు వేయుట సర్క్యులరుకు విరుద్ధమని తేల్చి, పైకి పంపాను.

ప్రిన్సిపాల్ గారు ఫైలు చూసి మెరిసిపోయారు. "ట్యాంకుకు రంధ్రం ఉంది. రంధ్రాన్ని ఏం చేయాలి? తీసెయ్యాలి! మన పద్ధతికి అతికినట్టు..." అనబోయి నాలిక కరుచుకుని, "మన పద్ధతి కోసమే పుట్టిన కేసు," అన్నారు.

రంధ్రాన్ని తీసివేయడానికి కామరాజు అధ్యక్షతన సంఘం వేశాం. వాళ్ళు మూడు రోజులు ఆలోచించారు. రంధ్రమంటే ఏమిటి? మధ్యలో ఏమీ లేదు, కాబట్టి దానికున్నదల్లా అంచే. అంచు తీసేస్తే రంధ్రం నిలవడానికి చోటుండదు. కామరాజు పైకెక్కి ఆకురాయితో అంచంతా రాకేశాడు. సంఘం నివేదిక ఇచ్చింది: "శనగగింజ పరిమాణము గల రంధ్రమును సమూలముగా తొలగించడమైనది."

అందులో అబద్ధం లేదు. శనగగింజంత రంధ్రం ట్యాంకు మొత్తం వెతికినా కనబడలేదు. దాని స్థానంలో నిమ్మకాయంతది ఉంది. అది వేరే రంధ్రమనీ, దానికి వేరే ఫైలు తెరవాలనీ నేను రాశాను.

"ఈ పాలి నిమ్మకాయంతది తీత్తే గుమ్మడికాయంతది వస్తాదండి," అన్నాడు తవిటినాయుడు. "పట్నాయక్ గారూ, పది నిమిషాలు. కళ్ళు మూసుకోండి చాలు."

కళ్ళు మూసుకుని సంతకం పెట్టమంటే పెడతాను గానీ, కళ్ళు మూసుకుని ఊరుకోవడం నా ఉద్యోగంలో లేదు. రెండో దరఖాస్తు పెట్టమన్నాను. పెట్టాడు. తిరస్కరించాం. మూడోదీ పెట్టాడు.

ఇప్పుడు ట్యాంకులో నీళ్ళు పావుగంట కూడా నిలవడం లేదు. హాస్టలు వార్డెన్ ఇందుమతి గారు ప్రిన్సిపాల్ గదిలోకి తోసుకుని వచ్చారు.

"సార్, పిల్లలు స్నానం చేసి నాలుగు రోజులైంది."

"ఇందుమతి గారూ, మీరు దృక్పథం మార్చుకోవాలి," అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఎంతో ఓపిగ్గా. "ఈ ఆవరణలో నా సర్క్యులర్‌ను పగలూ రాత్రీ పాటిస్తున్నది ఆ ట్యాంకు ఒక్కటే. ఎవరూ చెప్పకుండానే తనలోంచి తాను తీసేసుకుంటోంది. దాన్ని చూసి మనం నేర్చుకోవాలి."

"మరి స్నానాలు సార్?"

"స్నానమంటే మురికి తీసివేత. చక్కటి కార్యక్రమం. ఆపకండి."

"నీళ్ళు లేకుండా ఎలా సార్?"

"నీళ్ళు పోసుకోవడం కూడిక కదమ్మా!"

"అయితే ఓసారి హాస్టలు వరండాలోకి వచ్చి నిలబడండి సార్, గాలి మీ వైపు కొట్టేటప్పుడు," అని ఇందుమతి గారు వెళ్ళిపోయారు.

ఆ వారంలో పన్నెండు మంది పిల్లలు చెప్పకుండా ఇళ్ళకు పోయారు. ప్రిన్సిపాల్ గారు దాన్ని నెలవారీ నివేదికలో ‘సాధించిన విజయాలు’ అన్న శీర్షిక కింద వేయించారు. ఆ వాక్యం రాస్తుంటే కిటికీలోంచి ఒక పిల్ల రెండు బకెట్లు మోసుకొస్తూ కనబడింది. గేటు దగ్గర దించి, అరచేతులు ఊదుకుని, మళ్ళీ ఎత్తుకుంది. నాకు చాలా బాధేసింది. నివేదికలో బాధకు గడి లేదు.

తర్వాత ప్రిన్సిపాల్ గారి చూపు సిబ్బంది మీద పడింది. "రాయిలోంచి బొమ్మ కానిదాన్ని తీసేసినట్టు, సంస్థలోంచి సంస్థ కానిదాన్ని తీసేద్దాం, పట్నాయక్ గారూ. మొదట ఎవరు?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా, "వెల్డింగు," అన్నారు.

తవిటినాయుణ్ణి అదనపు సిబ్బందిగా డైరెక్టరేటుకు తిప్పి పంపుతూ ఉత్తర్వు తయారైంది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. ముప్ఫైమంది పిల్లల చదువు సగంలో ఉంది. ఇతను పోతే ట్యాంకుకు అతుకేసే నాథుడు కూడా ఉండడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే టైపు చేయించాను.

అతను ఉత్తర్వు అందుకుని రెండుసార్లు చదివాడు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"సారు సంతకం పెట్టేరండి దీని మీద?"

"పెట్టారు."

"ఇంకుతోటేనా?"

"మరి దేంతో పెడతారు?"

"అంటే కాగితానికి ఇంకు చేర్చినట్టే కదండీ. పైన గుండ్రంగా ముద్ర కూడా గుద్దేరు. ఈ ఆవరణలో చేర్పు నిషేధమని మీరే రాసేరు."

ఉత్తర్వు చేతిలో పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను. ఆయన తలుపేసుకుని సాయంత్రం దాకా ఆలోచించారు. మర్నాడు పొద్దున నవ్వు మొహంతో వచ్చారు.

"పూర్వం రాజులు ఏం చేసేవారు? శాసనాలు చెక్కించేవారు! చెక్కడం తీసివేతే. ఇకపై మన ఉత్తర్వులన్నీ ఇనప రేకులో కోయించాలి. అక్షరాలు, సంతకం, ముద్ర, అన్నీ. అంతకుముందు ఇంకుతో జారీ అయినవాటిలో తవిటినాయుడు గారి ఉత్తర్వుకు తప్ప మిగతావాటికి ఇది వర్తించదని ఒక మాట రాసెయ్యండి."

"కోసేదెవరు సార్?" అన్నాను.

ఇనప రేకులో అక్షరం కోయాలంటే గ్యాసు కటింగు రావాలి. అది వచ్చినవాడు సంస్థలో ఒక్కడే. అంచేత తవిటినాయుడు తన ఉద్వాసన ఉత్తర్వును తానే కోయడానికి కూర్చున్నాడు. స్టోర్సులోంచి తలుపంత రేకు తెప్పించాం. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చదువుతుంటే అతను కోసేవాడు.

"‘ఇందుమూలముగా’ చాలా పొడుగండి, గ్యాసు తినేత్తది. ‘నిన్ను తీసేసేం’ అని కోసీనా?"

"‘ఇందుమూలముగా’ లేకపోతే ఉత్తర్వు చెల్లదు, నాయుడు గారూ."

"అలగే కానీండి," అని నల్ల కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. తన పేరు దగ్గరికొచ్చేసరికి ఇంకా శ్రద్ధగా కోశాడు. అంత అందమైన ఉత్తర్వు మా ఆఫీసు చరిత్రలో లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అనుకున్నాను, కానీ పొగ అటువైపు పోతోంది.

రెండు రోజులు పట్టింది. చివర్న ముద్ర. గ్యాసుతో మరీ చిన్నది కోయడం కుదరదు కాబట్టి మా గుండ్రటి ముద్ర సాసరంత అయింది. కోసిన బిళ్ళ ఖంగుమని కింద పడింది. దాన్ని అతను చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి ట్యాంకు వైపు చూశాడు.

సాయంత్రం నాలుగున్నరకు ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. నేను గడియారం చూసి, "ఇక మీరు విధుల నుంచి విముక్తులు," అన్నాను.

"అంటే నానిప్పుడు ఈ సంస్థ మనిషిని కాదు కదండీ?"

"కాదు."

"మరి మీ సర్క్యులర్ నాకు తగుల్తాదా?"

జేబులోంచి సర్క్యులర్ తీసి చదివాను. ‘యావన్మంది సిబ్బందికి’ అని ఉంది. నా భాషే. "తగలదు," అన్నాను.

"ఈ బిళ్ళ ఎవరిదండి?"

"తీసేసినది. తీసేసినది సంస్థది కాదు," అన్నాను. అతను గ్యాసు సెట్టు వైపు చూస్తుంటే, అడక్కుండానే, "సామాను స్టోర్సులో అప్పగించడానికి రేపు పొద్దున దాకా గడువుంది," అని కూడా అన్నాను. ఫైల్లో రాయకుండా నేను తీసుకున్న నిర్ణయాలు జీవితంలో ఆ రెండే. రెండింటికీ గర్వపడుతున్నాను.

గ్యాసు సెట్టు కోయడానికే కాదు, ముందున్న ముక్క మారిస్తే అతకడానికీ పనికొస్తుందట. ఈ సంగతి సర్క్యులర్ రాసేటప్పుడు నాకు తెలియదు. తవిటినాయుడు ఆ ముక్క మార్చాడు. ముప్ఫైమంది పిల్లలు సిలిండర్ల బండిని దొర్లించుకుపోయారు. ఇందుమతి గారు నిచ్చెన పట్టుకున్నారు. ట్యాంకు ఎలాగూ ఖాళీయే. నిమ్మకాయంత చిల్లు మీద సాసరంత ముద్ర బిళ్ళ పెట్టి అతికేశాడు. పది నిమిషాలన్నాడు గానీ పద్నాలుగు పట్టింది. తుప్పు గీకాల్సి వచ్చింది.

మర్నాడు హాస్టల్లో స్నానాల చప్పుడు ఆఫీసు దాకా వినిపించింది. మధ్యాహ్నానికి కూడా ట్యాంకులో సగం నీళ్ళున్నాయి. ప్రిన్సిపాల్ గారు నన్ను వెంటబెట్టుకుని ట్యాంకు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు.

"అక్కడేదో గుండ్రంగా నల్లగా ఉందేమిటి?"

"తుప్పు సార్," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆ మొహంలో మళ్ళీ వెలుగు వచ్చింది. "నిన్న సాయంత్రం దాకా ట్యాంకు కారింది. ఇవాళ కారడం లేదు. మధ్యలో మనం ఏం తీసేశాం?"

"తవిటినాయుడు గారిని సార్."

"అదీ సంగతి! కారుతున్నది ఆయన వల్ల. తీసివేశాం, ఆగింది. రాయండి!"

నిజం చెప్పేద్దామనుకున్నాను. చెబితే నాయుడి మీద ‘తగు చర్య’ ఏదో తయారవుతుంది, దాని భాష కూడా నేనే రాయాలి. అందుకని కలం మూత తీశాను. "సదరు వెల్డింగు శిక్షకుని తొలగించిన తత్‌క్షణమే ట్యాంకు కారుట నిలిచిపోయినదని సవినయముగా మనవి చేయడమైనది." డైరెక్టరేటుకు పంపాం.

పదిహేను రోజుల్లో జవాబొచ్చింది. మమ్మల్ని అభినందించారు. రాష్ట్రంలో చాలా సంస్థల్లో ట్యాంకులు కారుతున్నాయనీ, వాటిని ఆపే ఏకైక శాస్త్రీయ విధానం శ్రీ గేదెల తవిటినాయుడును తొలగించడమేనని రుజువైనందున, ఆయన్ని వరసగా ఒక్కో సంస్థలో నియమించి, మా నమూనా ఉత్తర్వు ప్రకారమే రేకులో కోయించి, తొలగించాలనీ ఆదేశించారు.

ఇప్పటికి పదకొండు చోట్ల తొలగించారు. పదకొండు ట్యాంకులూ ఆగాయి. మా ముప్ఫైమంది పిల్లలు వంతులవారీగా అతని వెంట వెళ్ళి పని నేర్చుకుంటున్నారు. హాజరు పట్టీలో నేను ‘తొలగింపు కార్యక్రమ పరిశీలన’ అని రాస్తున్నాను.

నిన్న ఫోను చేశాడు. "పట్నాయక్ గారూ, బాగున్నారా? సోమవారం నన్ను ఇంకోకాడ తీసేత్తన్నారండి. ఆ ఆఫీసోళ్ళకి ఓ ముక్క రాసి పడీండి. ముద్ర కాస్త పెద్దది కోయించమనండి, అక్కడ చిల్లు పళ్ళెమంత ఉందంట."